మా ఆవిడకు పడని మత్తు

మా ఆవిడకు మత్తుమందు పడదు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి లేదు. మా అమ్మాయి పుట్టిన రోజు నుంచి ఉంది. అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్ళు కాబట్టి, ఇది మా ఇంట్లో పదకొండేళ్ళుగా స్థిరపడిన విషయం. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, ఈమెకు మత్తు పడదు. ఆదోనిలో పంటి డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చోగానే ఆమె చెప్పిన మొదటి మాట ఇదే. ఆయన వాదన పెట్టుకునే రకం కాదు. సూది వేయకుండానే దవడ పన్ను పీకాడు. నేను పక్కన నిలబడి ఆమెకు చెయ్యి అందించాను. ఆ వారమంతా వాపు ఆమె బుగ్గకంటే నా చేతికే ఎక్కువ ఉండిందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఇంట్లో ఎప్పుడూ పైకి అనలేదు.

ఈమధ్యే ఆమె పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. అంతకు ముందు ఆరు నెలలు అది గ్యాసు అనుకుని సోడాలు తాగింది. అన్నం తిన్న గంటకు కుడి డొక్కలో మొదలై వీపు దాకా పాకే నొప్పిని సోడా ఏమీ చేయలేకపోయింది. ఆదోనిలోనే ఒక చిన్న ఆసుపత్రిలో సర్జన్ స్కానింగ్ చూసి, పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి తీసేద్దాం, రెండు రోజుల్లో ఇంటికి పోవచ్చు అన్నాడు. ముందురోజే వచ్చి చేరమన్నాడు. చేరాం.

పదకొండు గంటలకు మత్తు డాక్టరు వచ్చాడు. ఆయనది ఏ ఒక్క ఆసుపత్రీ కాదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య కారులో తిరుగుతూ, ఎక్కడ ఆపరేషన్ ఉంటే అక్కడ దిగుతాడు. తెల్లజుట్టు, తొందర లేని గొంతు.

"ఇంతకు ముందు ఆపరేషన్ ఏమన్నా అయిందామ్మా?"

"కాన్పుకు కోసినారు సార్, ఎమ్మిగనూరులో."

"అప్పుడు ఇబ్బంది ఏమన్నా అయిందా?"

"నాకు మత్తు పడదు సార్."

ఆయన పెన్ను ఆగింది.

"ఏ మత్తు?"

"మత్తంటే మత్తే కదా సార్."

"మీది ఎమ్మిగనూరు అంటాండావు, నేత చీరల ఊరు. అంగడికి ఎవరన్నా వచ్చి చీర ఇయ్యమంటే, ఏం చీర అని అడుగుతావా అడగవా?"

"అడుగుతాను."

"ఇదీ అంతే."

అని, ఆయన రకాలు చెప్పాడు. వెన్నులో ఇచ్చేది ఒకటి, అది నడుము కిందికి మొద్దుబారుస్తుంది, మనిషి మెలకువగా ఉంటుంది. చేతి నరంలో ఇచ్చే తెల్లటిది ఒకటి, పాలలా ఉంటుంది, నిద్ర పుచ్చుతుంది. కండలు వదులు చేసేది ఇంకొకటి. నొప్పి తెలియకుండా చేసేది వేరు. ముక్కు దగ్గర పెట్టే గ్యాసు వేరు. "వీటన్నిటినీ కలిపి మీరు మత్తు అంటారు. ఇందులో నీకు పడనిది ఏది?"

మా ఆవిడ నా వైపు చూసింది. డాక్టరు కూడా చూశాడు.

"మీరేం చేస్తారు?"

"జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను సార్."

"అయితే మీకు తెలిసే ఉండాలే."

తెలియదు. ఆ కాన్పు రోజున నేను అక్కడే ఉన్నాను. చూపించిన చోట సంతకం పెట్టాను. ఆ తర్వాత ఫ్లాస్కు ఇచ్చి వేడినీళ్ళు తెమ్మంటే పోయాను. నేను వచ్చేసరికి తండ్రినై ఉన్నాను, ఆమెకు మత్తు పడకుండా ఉంది. రెండూ ఒకే తలుపు వెనక, నేను లేనప్పుడు జరిగాయి.

డాక్టరు మళ్ళీ ఆమెనే అడిగాడు. "బిడ్డ ఏడుపు విన్నావా?"

"విన్నట్టే ఉంది సార్. వెన్నులో సూది ఏసినారు, అంతవరకు తెలుసు. తర్వాత కండ్లు తిరిగినాయి, వాంతికొచ్చినాది. ఆమీద నిజంగా విన్నానో, మా అమ్మ సెప్పి సెప్పి విన్నట్టు ఉందో తెలీదు."

ఆయన పెన్ను మూత పెట్టాడు. వెన్ను సూది చాలక నిద్రమందు కూడా ఇచ్చారేమో తనకు తెలియాలన్నాడు. కొందరికి కండలు వదులు చేసే మందు ఒకటి నిమిషాల్లో విడవాల్సింది గంటల తరబడి విడవదట. మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేదట. "అట్లాంటి మనిషిని తెలిసీ తెలియక ఈ చిన్న ఆసుపత్రిలో నిద్రపుచ్చి నేను ప్రయోగం చేయలేను. రేపు పదికి ఆపరేషన్. అప్పటికి ఏ మందు, ఏమయింది అనేది తెచ్చి చూపించండి. లేదంటే కర్నూలుకు పోండి, అక్కడ అన్నీ ఉంటాయి."

ఆయన పోయాక ఆమె నా వైపు తిరిగింది.

"బావా, నేను మళ్ళీ లేస్తానా?"

"లేస్తావు" అన్నాను. ఆధారం ఏమిటని ఆమె అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర లేదు.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. ఆమె నాకు అత్తగారు కాకముందు మేనత్త. అందుకని నన్ను అల్లుడిగా గౌరవించే శ్రమ ఆమె ఎన్నడూ పడలేదు. ఎమ్మిగనూరు నుంచి పొద్దున మొదటి బస్సుకే వచ్చి కూతురి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పొద్దున రెండుసార్లు వాంతి అయిందని సిస్టర్ అప్పుడే సీసా తగిలిస్తోంది.

"ఏం సీసా పాపా అది?"

"ఆరెల్లమ్మా."

"ఆరేళ్ళా!" మా అత్త స్టూలు మీది నుంచి లేచింది. "ఆరేళ్ళ నాటి సీసా ఎక్కిస్తాండారా నా బిడ్డకు! రేయ్, సదివినోడివి కదా, డేటు సూడరా!"

నేను డేటు చూశాను. మా అత్తకు అనుమానం వస్తే చూడకుండా ఉండటం కుదరదు. సీసా కొత్తదే.

"ఆరేళ్ళు కాదమ్మా" అంది సిస్టర్, ఈ ప్రశ్నకు బాగా అలవాటు పడిన ఓపికతో. "ఆర్, ఎల్. రెండు అక్షరాలు."

"గ్లూకోజు కాదా అయితే? గ్లూకోజు లేనిది బలం ఎట్ల వస్తాది?"

ఇది నా సబ్జెక్టు. అందులో చక్కెర ఉండదని, మన రక్తంలో ఉండే లవణాలే దాదాపు అదే పాళ్ళలో ఉంటాయని, సోడియం, పొటాషియం, కాల్షియం అని, వాంతుల్లో పోయినవాటిని అవే నింపుతాయని వివరించాను. క్లాసులో కూడా ఇంత బాగా చెప్పి ఉండను.

"అంటే ఉప్పునీళ్ళు."

"ఒక రకంగా."

"మన బోరులో వస్తాండేవి యేంటివిరా మరి?"

దీనికి జవాబు పాఠ్యపుస్తకంలో లేదు.

పక్క మంచం మీద నందవరం నుంచి వచ్చిన ఒకామె ఉంది, గర్భసంచి ఆపరేషన్ అయి రెండు రోజులయింది. కూలికి పోయే మనిషి. పడుకుని ఉండటం ఆమెకు కొత్తగా ఉన్నట్టుంది, ఎవరైనా మాట కలిపితే చాలన్నట్టు చూస్తోంది. "నాకు గ్లూకోజే పెట్టినారక్కా, సూడు మొగం ఎట్ల తేటపడిందో" అంది. ఆమె సీసా మీద కూడా ఆరెల్ అనే ఉంది. నేను చదివి ఊరుకున్నాను.

"నీకు యే మత్తు ఇచ్చినారమ్మా?" అని మా ఆవిడ అడిగింది.

"ఎన్నులో సూది. అదే మేలు సెల్లా. కాళ్ళు ఉంటాయి, మనవి కాదు. పక్కింటోళ్ళ కాళ్ళు తెచ్చి పెట్టినట్టు ఉండె. మా ఆడబిడ్డకు అట్ల కాదు, పాలమాదిరి తెల్లంగ ఉండేది ఏసినారు. ఒకటి, రెండు లెక్కపెట్టమన్నారంట. రెండు అనింది, మూడు అనలే."

మా ఆవిడ మోచేతి మీద లేచింది. "లేసిందా?"

"లేసింది. లేస్తానే మూడు అనింది."

అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు.

నేను మా అత్తను పక్కకు పిలిచి, ఆ రోజు డాక్టరు ఏ మందు పడలేదన్నాడని అడిగాను.

"మందు పడలేదని అన్నాడు. యే మందని నేనెందుకు అడుగుతానురా, నేనేమన్నా డాక్టరునా? ఆమీద బిడ్డ ఒళ్ళంతా వణికిపాయె. సల్లటి సీసా ఎక్కించినారు, దానికేనేమో. నువ్వుంటే అడుగుతాంటివి. నువ్వు నీళ్ళకు పోయింటివి."

మధ్యాహ్నం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. కాన్పయిన నర్సింగ్ హోం అక్కడే ఉంది, రంగు మాత్రం మారింది. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి ఎప్పటిదని అడిగింది. పదకొండేళ్ళ కిందటిదన్నాను.

"మాకు కంప్యూటరు వచ్చిందే ఐదేళ్ళ కింద అన్నా."

"అంతకు ముందువి?"

"చెదలు."

అంతకంటే పూర్తి సమాధానం నాకు ఈ మధ్య ఏ ఆఫీసులోనూ దొరకలేదు. అప్పటి మత్తు డాక్టరు గురించి అడిగితే, బళ్ళారి వైపు పోయినాడంట అంది. ఊరి పేరు తెలియదు, ఫోను నెంబరు లేదు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి మా అత్తకు ఫోను చేశాను, ఇక్కడ కాగితాలేమీ లేవట అని.

"ఆడ యాడ ఉంటాయిరా? మన ఇంట్లో ఉండాయి కదా."

"ఈ మాట పొద్దున్నే చెప్పకూడదా అత్తా?"

"నువ్వు ఆస్పత్రికి పోతాననంటివి. కాగితం కావాలని యాడ అంటివి?"

అత్త ఇంటి పక్కవాళ్ళ దగ్గర తాళంచెవి తీసుకుని, మగ్గం పక్కగా సర్దుకుంటూ లోపలి గదిలోకి పోయాను. ఫోనులో అత్త దారి చెబుతోంది. బియ్యం డబ్బా వెనక ఇనప్పెట్టె, అందులో పాత రేషను కార్డు కింద సంచి, సంచిలో ఇంకో సంచి. కరెంటు బిల్లులు, మా పెళ్ళి శుభలేఖలు మిగిలిపోయినవి, అమ్మాయి టీకాల కార్డు, దాని వెనక మడిచిన డిశ్చార్జి కాగితం. అన్నీ భద్రంగానే ఉన్నాయి. చదివినవాళ్ళు మాత్రం ఎవరూ ఉన్నట్టు లేదు.

కిటికీ దగ్గర కూర్చుని చదివాను. డాక్టరు చేతిరాత కాబట్టి, చదివాననడం కంటే ఊహించాననడం న్యాయం. వెన్నులో సూది అని అర్థమయింది. ఆరెల్ రెండు సీసాలు. బీపీ అంకెలు కొన్ని, బాణం గుర్తు. దాని కింద ఒక మందు పేరు, రెండు గీతలు గీసి: మెఫెంటర్మిన్.

రెండు గీతలు. పరీక్ష పేపరులో నేను రెండు గీతలు గీశానంటే తప్పు దొరికిందని అర్థం. ఫోనులో ఆ మందు గురించి చూస్తే, ఉత్తేజం కలిగించేదని, ఆటగాళ్ళు వాడకూడదని ఉంది. అంతే, సమస్య తేలిపోయింది. నిద్రపోవాల్సిన మనిషికి ఉత్తేజం ఇస్తే పడుతుందా? వెంటనే మా ఆవిడకు ఫోను చేసి, "దొరికింది. మెఫెంటర్మిన్. అది ఒక్కటి ఇవ్వకుంటే చాలు" అన్నాను. పదకొండేళ్ళలో నా డిగ్రీ ఇంటికి పనికొచ్చిన మొదటి సందర్భమనిపించింది. బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

సాయంత్రానికి నేను ఆదోని చేరేలోపే ఆ మందు పేరు వార్డంతా తెలిసిపోయింది, కొద్ది మార్పుతో.

"మెంతుల మందంట కదా" అంది నందవరం ఆమె.

"మెంతులు సలవ కదమ్మా, అవి పడకపోవడం ఏంది?" అని మా అత్త ఇంకా ఆ ఆలోచనలోనే ఉంది.

మా ఆవిడ మాత్రం ఆ రాత్రి కాస్త మజ్జిగ తాగి నిద్రపోయింది. పడనిదానికి పేరంటూ ఒకటి దొరికాక భయం సగం తగ్గిందని చెప్పింది.

మరుసటి రోజు పొద్దున తొమ్మిదికి మత్తు డాక్టరు కాగితం తీసుకుని వెలుతురుకు పట్టుకుని చదివాడు. చదివినకొద్దీ ఆయన మొహం తేలికవుతోంది, నా మొహం బరువవుతోంది.

"ఇది ఇబ్బంది పెట్టిన మందు కాదు మాస్టారూ. ఇబ్బంది వచ్చినప్పుడు ఇచ్చిన మందు."

వెన్నులో సూది ఇస్తే కాళ్ళ వైపు రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుందట, కాన్పు ఆపరేషన్లలో మరీ తరచుగా. కళ్ళు తిరగడం, వాంతి రావడం దానివే. అప్పుడు ఆరెల్ సీసాలు తొందరగా ఎక్కించి, ఈ మందు ఇస్తే బీపీ లేస్తుందట. రెండు గీతలు తప్పుకు కాదు, రెండుసార్లు ఇచ్చినందుకు. వణుకు కూడా వెన్ను సూదికి మామూలే. "నిద్రమందు ఇచ్చినట్టే లేదు. మందు పడలేదని ఇందులో ఎక్కడా లేదు. ఆ మాట మీకు ఎవరు చెప్పారు?"

మేమిద్దరం మా అత్త వైపు చూశాం.

"డాక్టరే సెప్పినాడు సార్" అంది ఆమె గట్టిగా.

"ఆయన ఏమన్నాడో, ఆయన మాటల్లోనే చెప్పండమ్మా."

"తలుపు ఇంత తెరిసినాడు. 'పడిపోయిందమ్మా, మందేసినాం, ఇప్పుడు పరవాలేదు' అనె. మళ్ళా తలుపేసుకునె."

"ఏం పడిపోయింది?"

మా అత్త కూతురి వైపు చూసింది.

"బీపీ" అన్నాడు డాక్టరు.

"ఆ ముక్క ఆయన సెప్పలే సార్."

చెప్పలేదు. తెలుగులో కర్త లేకున్నా వాక్యం నడుస్తుంది. నడిచి నడిచి ఎంత దూరం పోగలదో ఆ పొద్దు నాకు తెలిసింది. పడిపోయిందన్న మాట ఆ తలుపు దగ్గర బయలుదేరి, ఇల్లు చేరేలోపల మందు పడలేదంట అయి, పదకొండేళ్ళు మాతో కాపురం చేసింది. మా ఆవిడ బుగ్గ లోపల నాలుకతో పన్ను లేని చోటును ఒకసారి తడుముకోవడం చూశాను. మా అత్త కూడా చూసింది, కొంగు సర్దుకుంది.

"అయితే నాకు మత్తు పడుతుందా సార్?"

"ఇంతవరకూ పడనిదంటూ ఏమీ లేదమ్మా."

"ఈ పొద్దు ఇచ్చేది వెన్నులో సూదేనా?"

"కాదు. పొట్టలోకి గాలి నింపి చేసే ఆపరేషన్ ఇది, నిద్రలో చేస్తేనే నీకు సుఖం. పాలరంగు మందు, కండల మందు, గ్యాసు."

"అవి నాకు ఎన్నడూ ఇయ్యలేదు కదా. మరి అవి పడతాయని ఎట్ల తెలుసు?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. నిన్నంతా తిరిగి నేను తెచ్చిన కాగితం చివరికి తేల్చింది ఏమిటంటే, ఈ రోజు ఇవ్వబోయే మందుల గురించి దానికి ఏమీ తెలియదని. నాకు మళ్ళీ మొదటి నుంచి అయోమయం మొదలయింది. డాక్టరు మాత్రం ఆ ప్రశ్నకు సంతోషించినట్టే కనిపించాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ముందే తెలియదమ్మా. ఎవరికీ తెలియదు. కానీ నిన్న నాకున్న భయం ఈ పొద్దు లేదు. మీ ఇంట్లో ఎవరికన్నా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యమయిందా? లేదని మీ అమ్మ తల ఊపుతోంది కదా. కొంచెం కొంచెంగా ఇస్తాను, బీపీ, గుండె, ఊపిరి చూస్తూ ఉంటాను. నువ్వు లేచేదాకా నీ తల దగ్గర నుంచి కదలను."

"సర్జన్ సారు?"

"ఆయన పొట్ట చూసుకుంటాడు. నిన్ను చూసుకునేది నేను."

ఆమె ఆయన మొహాన్ని కొంతసేపు చూసింది, అంగట్లో గుడ్డ రంగు నిలుస్తుందా లేదా అని చూసినట్టు. తర్వాత కాగితం అడిగి సంతకం పెట్టింది. నన్నూ పెట్టమన్నారు. ఈసారి ప్రతి లైనూ చదివి పెట్టాను. అర్థం కాని లైన్లు ఆరు ఉన్నాయి, వాటి కోసం సిస్టర్‌ను ఆరుసార్లు పిలిచాను.

స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది.

"ఈసారి నీళ్ళకు పోవద్దు బావా. ఈడనే ఉండు."

"యాడికీ పోను."

తలుపు మూసుకుంది. నేనూ మా అత్తా ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాం. ఎవరో వచ్చి ఈ ఫ్లాస్కు మీదేనా అని అడిగితే, మాది కాదు, మాకు వద్దు అన్నాను, కొంచెం గట్టిగానే.

మా అత్త నేల వైపు చూస్తూ, "ఏం పడిపాయె సార్ అని ఆ పొద్దు ఒక్క మాట అడిగింటే సరిపోతాండె" అంది.

"నేనూ అడగలేదు కదత్తా. పదకొండేళ్ళు ఉండె నాకు, అడగడానికి."

"నువ్వు సదివినోడివి. నీకు తెలుసనుకుంటిమి."

ఈ నమ్మకమే మా ఇంట్లో అసలు జబ్బని నాకు అప్పుడప్పుడూ అనుమానం. బెంచీ మీద ఉన్న ఆమె చెయ్యి మీద నా చెయ్యి పెట్టాను. తీసెయ్యరా అనలేదు. అంటే భయం ఎక్కువగానే ఉందన్నమాట.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. మత్తు డాక్టరు, తల మీద ఆకుపచ్చ టోపీతో.

"లేచింది" అన్నాడు.

మా అత్త ఆయనకు అడ్డంగా పోయి నిలబడింది. "ఏం లేసింది సార్? బీపీనా, బిడ్డనా?"

"మీ బిడ్డ లేచిందమ్మా. పేరు అడిగితే చెప్పింది. అన్ని మందులూ చక్కగా నడిచాయి. బీపీ కూడా ఎక్కడా పడలేదు."

"పడలేదా!" మా అత్త నా భుజం పట్టుకుంది.

"అత్తా, అది పడకూడనిది. పడలేదు."

"అంటే మంచిదా, సెడ్డదా?"

"మంచిది."

డాక్టరు ఒక్క క్షణం మమ్మల్నిద్దరినీ చూసి, లోపలికి పోయాడు. వివేకం గల మనిషి.

కాసేపటికి నన్ను ఒక్కణ్ణే రానిచ్చారు. ఆమె చేతికి ఆరెల్ ఎక్కుతోంది. పెదవులు ఎండి ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి నన్ను వెతికింది.

"ఎంతసేపు ఇట్లనే పండబెడతారు బావా? మొదలుపెట్టమని సెప్పు."

"అయిపోయింది" అన్నాను.

ఆమె నుదురు ముడిపడింది. "ఏది?"

వంగి, చెవి దగ్గర, కర్తతో సహా మొత్తం చెప్పాను. నీ ఆపరేషన్ అయిపోయింది, నువ్వు లేచినావు, మీ అమ్మ బయట ఉంది, నేను యాడికీ పోలేదు.

ఆమె సరే అని కళ్ళు మూసుకుంది. నేను సిస్టర్‌ను పిలిచి, ఇది నిద్రా, మత్తా అని అడిగాను. నిద్రే సార్ అంది. ఏ నిద్ర అని అడగబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాను. స్టూలు దగ్గరికి లాక్కుని, దుప్పటి లేచి పడటం చూస్తూ, ఒక్కొక్క ఊపిరే లెక్కపెడుతూ కూర్చున్నాను.